తీగల కింద పెడల్

డ్రైవింగ్ నేర్పే కారులో పక్కసీటు ముందు కూడా ఒక క్లచ్చు, ఒక బ్రేకు ఉంటాయి. నేర్చుకునేవాడు స్టీరింగు పట్టుకుని బండి తానే నడుపుతున్నాననుకుంటాడు. పక్కన కూర్చున్న మాస్టారు చడీచప్పుడు లేకుండా కాలు కదిపితే చాలు, ఆగిపోవలసిన బండి ఆగదు, గుద్దుకోవలసిన బండి గుద్దుకోదు. ఊళ్ళో ఆ పని చేసేవాళ్ళందరూ అలాగే కాలు కదుపుతారు. నేర్చుకునేవాడికి ధైర్యం, నేర్పేవాడికి మంచిపేరు.

ఊళ్ళో అందరూ బ్రేకు మాస్టారని పిలిచే ఆయన పద్ధతి వేరు. ఆయన కాలు కదిపిన ప్రతిసారీ పైకి "నాది" అంటాడు. ఆ బ్రేకు వేసింది నేను, నువ్వు కాదు అని దాని అర్థం. మొదటిరోజే శిష్యుడికి చెప్పేస్తాడు: నీ పక్కన కూర్చుని నీకు అబద్ధం చెప్పడానికి నేను రాలేదు, నువ్వు తొక్కింది నీది, నేను తొక్కింది నాది. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళు రోడ్డు మీద పొరపాటు చెయ్యరని పేరుంది. మధ్యలో మానేసి పోయినవాళ్ళకు ఏ పేరుందో ఆయన ఎప్పుడూ కనుక్కోలేదు. పిరికిపందలకు స్టీరింగెందుకు అని ఒక్కమాటలో తేల్చేసేవాడు.

ఆయనకు కోపం జాస్తి. ఆ సంగతి ఆయనకీ తెలుసు. తెలిసినా దాన్ని లోపమనుకోలేదు, తనలోని నిజాయితీకి అదొక వాసన అనుకున్నాడు. కోపం వచ్చేముందు ఆయన చెవులు వేడెక్కేవి. చెవుల సంగతి వచ్చింది కాబట్టి తమ్ముడి సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి.

చిన్నప్పుడు ఇంటికి సంగీతం మాస్టారొకాయన వచ్చాడు. అన్నదమ్ములిద్దరినీ ఎదురుగా నిలబెట్టి హార్మోనియం మీద ఒక స్వరం పలికించి, దాన్ని పట్టుకోమన్నాడు. తమ్ముడు పట్టుకున్నాడు. అన్న ఎంత వెతికినా అది దొరకలేదు. మాస్టారు నవ్వి, "పెద్దవాడికి దేవుడు చెవులిచ్చింది కళ్ళజోడు పెట్టుకోవడానికే" అన్నాడు. ఆ మాస్టారు అనేసి పోయాడు. తమ్ముడు మాత్రం ఆ మాటను ఆస్తిలాగా దాచుకున్నాడు. పెళ్ళిళ్ళలో, భోజనాల దగ్గర, ఆఖరికి తండ్రి పోయినప్పుడు పరామర్శకు వచ్చినవాళ్ళ మధ్య కూడా ఆ ముక్క ఒకసారి బయటికి తీసి తుడిచి లోపల పెట్టుకునేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. బ్రేకు మాస్టారు కూడా నవ్వేవాడు. నవ్వుతున్నప్పుడు చెవులు కాలేవి.

యాభై దాటాక ఆయన గిటారు నేర్చుకోవడం మొదలుపెట్టాడంటే కారణం అదే. ఇస్త్రీ షాపు పైన ఒక గదిలో "ఏ వయసువారికైనా గిటారు నేర్పబడును" అని బోర్డు ఉంది. ఒక శిష్యుడి కోసం కారులో ఎదురుచూస్తూ చాలా రోజులు ఆ బోర్డు చదివాడు. ఒకరోజు మెట్లెక్కాడు. నేర్పేవాడు ముప్పై దాటిన సన్నటి మనిషి. ఆయన్ని గుమ్మంలో చూడగానే ఒక్క క్షణం అదోలా అయిపోయి, తర్వాత కుర్చీ చూపించాడు. ఎందుకు నేర్చుకోవాలనుకుంటున్నారు సార్ అని అడిగితే, ఒకే ఒక్క పాట వాయించాలి, తమ్ముడు వినాలి అన్నాడు. తమ్ముడు చిన్నప్పుడు హార్మోనియం మీద వాయిస్తూ, "నువ్వు అవతలికి పోరా, నీ ఊపిరికి శ్రుతి పోతోంది" అని అన్నను గదిలోంచి గెంటేసిన పాట అది.

ఒకరినొకరు "మాస్టారూ" అని పిలుచుకునేవాళ్ళు. అది ఇద్దరికీ నవ్వు తెప్పించేది.

మొదటి వారాలు నరకం. మూడు వేళ్ళు మూడు చోట్ల నొక్కాలి, నాలుగోది పక్క తీగకు తగలకూడదు. వేలికొసలు కందిపోయాయి. ఒక పట్టు నుంచి ఇంకో పట్టుకు చెయ్యి మారేలోపు ఇరుకు సందులో లారీ వెనక్కి తిరిగేంత సేపు పట్టేది. తీగలు పలికేవి కావు, బుస్సుమనేవి. ఒకరోజు ఇంట్లో సాధన చేస్తూ గిటారును మంచం మీదికి విసిరికొట్టాడు. అది ఎగిరి, దాని తల గోడకు కొట్టుకుని, కాసేపు తనలో తాను మూలిగింది. వంటింట్లో భార్య చేతిలోని గరిటె ఆగింది.

తర్వాతి శనివారం గిటారు మాస్టారు కొత్త పద్ధతి చూద్దామన్నాడు. గిటారు తీసుకుని, తీగలు బిగించే బిరడాలు అటూ ఇటూ తిప్పి, తిరిగి చేతికిచ్చాడు. ఇక మూడు వేళ్ళు అక్కర్లేదు, చూపుడువేలు ఒక్కటి అడ్డంగా ఆనిస్తే చాలు. ఏ గడిలో ఆనించాలో పలక మీద చిన్న చుక్కలు అంటించాడు. శ్రుతి నేనే చూసుకుంటాను, ఇంటి దగ్గర బిరడాలు మాత్రం ముట్టుకోకండి మాస్టారూ అని రెండుసార్లు చెప్పాడు. బ్రేకు మాస్టారు వేలు ఆనించి తీగల మీద చెయ్యి ఊపాడు. గది నిండా ఒక్కసారిగా ఏదో పరుచుకుంది. ఆయన భయపడినట్టుగా చెయ్యి తీసేశాడు. ఆ శబ్దం తన చేతిలోంచి వచ్చిందంటే నమ్మకం కుదరలేదు. మళ్ళీ ఊపాడు. మళ్ళీ వచ్చింది.

ఆ రోజు కిందికి దిగి కారులో కూర్చుని చాలాసేపు తాళం తిప్పలేదు.

ఏడాది గడిచింది. పాట వచ్చింది. మధ్యలో ఎన్నోసార్లు నిజంగా బాగుందా అని అడిగాడు. బాగుందండీ అన్నాడు గురువు. బాగుందండీ అంది భార్య. ఆ "బాగుందండీ"లో ఉన్న మెత్తదనాన్ని ఆయన వేరే చోట అయితే ఇట్టే పట్టేసేవాడు. అవతలి డ్రైవింగ్ స్కూళ్ళవాళ్ళు కాలు కదిపి "భేష్, బాగా నడిపారు" అనేటప్పుడు గొంతులో సరిగ్గా ఆ మెత్తదనమే ఉంటుంది. కానీ మెప్పు మనదైనప్పుడు మనందరి చెవులూ కళ్ళజోడుకే పనికొస్తాయి.

తమ్ముడు ఏదో ఆఫీసు పనిమీద ఊళ్ళోకి వచ్చి ఆదివారం ఇంటికి వచ్చాడు. భోజనాలయ్యాక బ్రేకు మాస్టారు లోపలికి వెళ్ళి గిటారు తెచ్చుకుని, ఒక్క మాట కూడా చెప్పకుండా వాయించాడు. మొదటి నుంచి చివరిదాకా, ఎక్కడా ఆగకుండా. పాట సగంలో తల ఎత్తి చూశాడు. తమ్ముడి నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. నవ్వు సిద్ధంగా పెట్టుకున్న ముఖంలోంచి నవ్వు జారిపోయి, దాని కింద ఏమీ లేని చోటు కనిపిస్తోంది. ఈ ముఖం కోసమే ఇన్నేళ్ళు బతికానా అనిపించింది ఆయనకు. అనిపించినందుకు సిగ్గేసింది. సిగ్గు కూడా తీయగానే ఉంది.

"అన్నయ్యా, ఏదీ ఒకసారి ఇటివ్వు" అన్నాడు తమ్ముడు. గొంతులో మర్యాద ఉంది.

తమ్ముడికి గిటారు కూడా కొంచెం వచ్చు. తీసుకుని మామూలుగా వేళ్ళు పెట్టి మీటాడు. అడ్డదిడ్డంగా పలికింది. ఇదేమిటని తీగలు ఒక్కొక్కటే మీటి చూశాడు. మెల్లిమెల్లిగా ముఖంలోకి ఆ పాత నవ్వు తిరిగి రావడం బ్రేకు మాస్టారు చూస్తూనే ఉన్నాడు. తమ్ముడు బిరడాలు తిప్పాడు. వద్దురా, ముట్టుకోవద్దు అంటున్నా వినకుండా ఆరు తీగలూ సరిచేసి తిరిగిచ్చాడు.

"ఇప్పుడు వాయించు."

చూపుడువేలు అడ్డంగా ఆనించి చెయ్యి ఊపాడు. అటక మీద నుంచి గిన్నెలు పడ్డట్టు వచ్చింది. ఇంకో చుక్క దగ్గర ఊపాడు. ఇంకో అటక.

తమ్ముడు కడుపు పట్టుకున్నాడు. "వదినా, ఇటొచ్చి చూడు. ఏం మీటినా తియ్యగా ఉండేలా తీగలు బిగించి ఇచ్చాడు మహానుభావుడు. పిల్లి ఇటునుంచి అటు నడిచినా పాటే వస్తుంది. గిటారు దానంతట అదే వాయించుకుంటోంది అన్నయ్యా, నువ్వు పక్కసీట్లో కూర్చున్నావు."

ఆ చివరి మాట తమ్ముడు సరదాకే అన్నాడు. దాని పదును వాడికి తెలియదు.

తమ్ముణ్ణి బ్రేకు మాస్టారే స్టేషన్లో దించాడు. కోపం అప్పటికి తమ్ముడి మీద లేదు. తమ్ముడిది పాత కోపం, దానికి ఒంట్లో చోటు ఎప్పుడో ఏర్పడిపోయింది. ఇది కొత్తది, ఇంకా ఎక్కడ కూర్చోవాలో తెలియక లోపల తిరుగుతోంది. తిరిగొస్తూ ఎదురుగా వచ్చే ప్రతి బండినీ తిట్టాడు. ఎర్రదీపాన్ని తిట్టాడు. ఇంటికొచ్చి, వాడి పని చెప్తాను, ఏడాదిపాటు నన్ను వెధవను చేశాడు అని అరిచాడు. భార్య బట్టలు మడతపెడుతోంది. మడతపెడుతూనే చెప్పింది, గిటారు మంచం మీద విసిరిన మర్నాడు తానే ఆ అబ్బాయికి ఫోను చేశానని.

"ఏమని?"

"ఈయన మధ్యలో మానేస్తే ఇంట్లో మేం బతకలేం బాబూ, ఎలాగోలా వచ్చినట్టు చెయ్యి అని."

ఎందుకు చేశావని అరిచాడు. నాకు నిజం చెప్పొచ్చుగా అన్నాడు. చెప్పకుండా నా వెనక ఇంత నాటకమా అన్నాడు. ఆమె చేతిలోని చొక్కా పక్కన పెట్టింది.

"మీకు నిజం చెప్పాలంటే ముందు హెల్మెట్టు పెట్టుకోవాలి. ఈ ఏడాది ఇంట్లో ఒక్క గ్లాసు పగల్లేదు, చూసుకున్నారా? కారులో మీకు రెండు పెడళ్ళే. ఈ ఇంట్లో మీ కోసం తొక్కి తొక్కి నా మోకాళ్ళు అరిగిపోయాయి. 'నాది' అని ఒక్కసారీ అనలేదు నేను. అననిచ్చారా?"

చెయ్యెత్తితే అందేంత దూరంలో గ్లాసు ఉంది. ఆయన దాన్ని చూశాడు. ఆయన చూడటం ఆమె చూసింది. అప్పుడు దాన్ని పగలగొట్టడం కూడా ఆమె చెప్పిన మాటకు సాక్ష్యం పలకడమే అవుతుంది. పగలగొట్టకపోవడం కూడా అంతే. ఏం చేసినా ఆమె మాటే నెగ్గేలా ఆ గది బిగించి ఉంది. ఆయన బయటికి వెళ్ళి, కారులో కూర్చుని, రెండు చేతులతో స్టీరింగును గుద్దాడు.

మర్నాడు పొద్దున మొదటి శిష్యుణ్ణి దించేసి, గిటారును సంచి లేకుండానే మెడ పట్టుకుని మెట్లెక్కాడు. కింద ఇస్త్రీపెట్టె తడిగుడ్డ మీద చుయ్యిమంటోంది. గిటారు మాస్టారు ఒక్కడే ఉన్నాడు, పాత తీగలు విప్పి చుట్టచుడుతున్నాడు. బ్రేకు మాస్టారు గిటారును బల్ల మీద పెట్టాడు. నిన్నటిదాకా "మీరు" అన్న నోటితో "నువ్వు" అన్నాడు. మోసగాడివన్నాడు. ముసలాణ్ణి ఆడించి పొద్దుపుచ్చావన్నాడు. తమ్ముడి ముందు ఏం జరిగిందో చెప్పబోయి, మధ్యలో వదిలేశాడు.

అవతలివాడు అంతా విన్నాడు. ఆ బిగింపు తప్పేమీ కాదు సార్, గొప్ప గొప్పవాళ్ళు కూడా వాడతారని మెల్లిగా అన్నాడు.

"వాళ్ళు తెలిసి వాడతారు. నాకు నువ్వు చెప్పలేదు."

"చెప్పలేదు."

"నా కారులో నేను ఒక్కసారి, ఒక్కసారి కూడా..."

"తెలుసు సార్. 'నాది' అంటారు." అతను తీగల చుట్ట కింద పెట్టాడు. చెవులు ఎర్రబడ్డాయి. సిగ్గుతో కాదని బ్రేకు మాస్టారుకు అర్థమైంది. ఆ వేడి ఆయనకు బాగా పరిచయం. "మీకు నేను గుర్తు లేను. మొదటిరోజు గుమ్మంలోనే తెలిసిపోయింది. మూడేళ్ళయింది, మీ కారెక్కాను. మా మామగారు కొత్త బండి కొన్నారు, అల్లుడు నడుపుతాడని. ఎలా నేర్చుకుంటున్నానో చూస్తానని వెనకసీట్లో కూర్చున్నారు. మార్కెట్ వీధి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా 'నాది, నాది, నాది' అన్నారు మీరు. దిగాక మా మామగారు ఇంటిల్లిపాదికీ చెప్పారు. ఇప్పటికీ మా అత్తారింట్లో నా పేరు 'నాది' అల్లుడు. మొన్న మా మరదలి పెళ్ళిలో కూడా అలాగే పిలిచారు. ఆ బండి అమ్మేశారు. నేను బస్సులో తిరుగుతాను."

బ్రేకు మాస్టారు ఆ ముఖాన్ని వెతికాడు. జ్ఞాపకంలో ఎక్కడా లేదు. మానేసిపోయినవాళ్ళ ముఖాలేవీ లేవు, అక్కడొక ఖాళీ సీటు మాత్రం ఉంది.

"అంటే పగ తీర్చుకున్నావన్నమాట."

"పగే అయితే మొదటి వారాల్లో మిమ్మల్ని అలాగే వదిలేసేవాణ్ణి. మీ అంతట మీరే మానేసేవారు. మీ ఆవిడగారు ఫోను చేసినప్పుడు... మధ్యలో మానేసి దిగిపోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు సార్. అందుకే అలా బిగించాను."

"నేను నీకు అబద్ధం చెప్పలేదు" అన్నాడు బ్రేకు మాస్టారు. ఆయన దగ్గర మిగిలిన రాయి అదొక్కటే.

"చెప్పలేదు. నేను చెప్పాను. మీరు నా దగ్గరికి ఏడాది వచ్చారు. నేను మీ దగ్గరికి మూడురోజులు వచ్చాను."

కింద ఇస్త్రీపెట్టె ఆగింది. బ్రేకు మాస్టారుకు ఎన్నో జవాబులు తోచాయి. పిరికిపందవన్నాడు మనసులో. ఆ మాట పెదాలదాకా వచ్చి, మంచం మీదికి తను విసిరిన గిటారు గుర్తొచ్చి ఆగిపోయింది. ఈ మనిషి చెప్పింది తప్పని నిరూపించలేకపోవడం ఒక మంట, 'నాది' అనే ఆ ఒక్క మాటను ఇన్నాళ్ళూ తన నిజాయితీ అనుకుని మెడలో వేసుకు తిరగడం ఇంకో మంట. క్షమించమని అడగాలనిపించలేదు. అడగాలనిపించనందుకు కూడా కోపం వచ్చింది.

కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మా తమ్ముడు సరిచేసిన బిగింపే ఉంది. మొదటి పట్టు చూపించు."

"మళ్ళీ మొదటి నుంచా?"

"మొదటి నుంచే. ఈసారి నువ్వు కాలు కదిపితే నోటితో చెప్పాలి."

"'నాది' అని నేను అనను సార్." అతని గొంతు గట్టిపడింది. "చచ్చినా ఆ మాట నా నోట రాదు. బాగుంటే బాగుందంటాను. లేకపోతే ఊరుకుంటాను. నేను ఊరుకున్నానంటే మీకే తెలియాలి."

ఆయన మూడు వేళ్ళు మూడు చోట్ల పెట్టాడు. పలక మీద చుక్కలు ఇంకా అంటుకునే ఉన్నాయి. గోటితో ఒక్కొక్కటే పీకి పారేశాడు. చెయ్యి ఊపాడు. బుస్సుమంది. గురువు ఊరుకున్నాడు. మళ్ళీ ఊపాడు. గురువు ఊరుకున్నాడు. పాఠం అయ్యేదాకా అతని నోట ఒక్క మాట రాలేదు. కోపంగా ఉన్న ఇద్దరు మనుషుల మధ్య ఆ గిటారు తిట్లు తిన్న గేదెలా మూలుగుతూనే ఉంది. చెయ్యెత్తి కొట్టినా ఇంత నొప్పి ఉండదనుకున్నాడు ఆయన. వెళ్ళేటప్పుడు శనివారం వస్తానన్నాడు. అతను తల ఊపాడు.

మధ్యాహ్నం పాఠానికి ఒక బ్యాంకు ఉద్యోగిని వచ్చింది. వెనకసీట్లో ఆమె అత్తగారు, ఒళ్ళో సంచి పెట్టుకుని, మెడ ముందుకు సాచి కూర్చుంది. వంతెన ఎక్కుతుంటే బండి వెనక్కి జారింది. బ్రేకు మాస్టారు కాలు దానంతట అదే కదిలింది. నోరు తెరిచాడు. అద్దంలో ఆ సాచిన మెడ కనిపించింది.

"నాది" అన్నాడు, పక్కనున్న మనిషికి మాత్రం వినపడేలా.

ఆ అమ్మాయి తలూపి మళ్ళీ క్లచ్చు మీద కాలు సర్దుకుంది. వెనక నుంచి, మా కోడలు బాగానే నడుపుతోందే అని వినిపించింది. బ్రేకు మాస్టారుకు ఒళ్ళు మండింది. తను చేసింది అబద్ధమో కాదో తేల్చుకోలేక, ఆ రోజంతా ఎవరి మీదో ఒకరి మీద అరుస్తూనే ఉన్నాడు. గొంతు మాత్రం ఎవరి మీదా పూర్తిగా లేవలేదు.

సాయంత్రం ఇంటికొచ్చి ముందుగదిలో కూర్చుని గిటారు తీశాడు. మూడు వేళ్ళు. బుస్సు. సరిచేసుకున్నాడు. బుస్సు. వేలికొసల కింద పాత కాయలు ఎప్పుడో కరిగిపోయాయి, తీగ నేరుగా మాంసంలోకి దిగుతోంది. వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. ఆయన కూడా ఆగాడు. ఇప్పుడు ఆమె "బాగుందండీ" అంటుందని ఒళ్ళంతా చెవులు చేసుకుని ఎదురుచూశాడు. అంటే ఏం చేస్తాడో ఆయనకే తెలియదు.

"తల పగిలిపోతోందండీ" అంది ఆమె లోపలినుంచి. "ఆ తలుపు వేసుకుని వాయించుకోండి."

ఏడాదిగా ఆమె నోట ఇలాంటి నిజం రాలేదు. ఆయన చెవులు భగ్గుమన్నాయి. కోపంతోనే లేచాడు, కోపంతోనే తలుపు దగ్గరికి నడిచాడు. దాన్ని విసిరికొట్టడానికి చెయ్యి గట్టిగా పట్టుకుంది కూడా. కానీ గొళ్ళెం పడేదాకా మెల్లిగా నెట్టి, తిరిగొచ్చి, మూడు వేళ్ళు మూడు చోట్ల పెట్టాడు.